పేరు ఆమెది, మేడ ఎవరిది?

2025 ఫిబ్రవరి 11, 12 తేదీల్లో మన్యం బంద్ జరిగింది. అంతకు రెండు వారాల ముందు విశాఖపట్నంలో జరిగిన పర్యాటక సదస్సులో శాసనసభ స్పీకరు అయ్యన్నపాత్రుడు, ఏజెన్సీలో పర్యాటకానికి పెట్టుబడులు రావాలంటే 1/70 చట్టాన్ని సవరించాలన్నట్టు మాట్లాడటమే అందుకు కారణం. ఆ చట్టం జోలికి పోబోమని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు బంద్ సమయంలోనే ప్రకటించారు. గిరిజన సంఘాలు ఊపిరి పీల్చుకున్నాయి.

చట్టం నిలిచింది. ఆ మేరకు సంతోషమే. కానీ అరకులోనో పాడేరులోనో బస్సు దిగి బజారు వెంట నడిచే వాళ్లెవరికైనా ఒక అనుమానం రాక మానదు. గిరిజనేతరుడు ఇక్కడ సెంటు భూమి కొనడానికి కూడా వీల్లేదని చట్టం చెబుతున్నప్పుడు ఈ లాడ్జీలు, దుకాణాలు, అంతస్తుల మీద అంతస్తులు లేస్తున్న డాబాలు, పొలాల్లో వేసిన గుడారాల హోటళ్లు ఎవరివి? కొన్ని నిజంగానే గిరిజన కుటుంబాలు కాఫీ, మిరియాల డబ్బుతోనో ఉద్యోగం డబ్బుతోనో కట్టుకున్నవి. మిగతావాటి సంగతి అడిగితే అందరికీ తెలిసిన, ఎవరూ రాసి ఇవ్వని జవాబు ఒకటి వస్తుంది. "ఆ ఆవిడ పేరు మీద ఉందండీ." ఆ ఆవిడ గిరిజన స్త్రీ. ఈ వ్యాసం ఆ ఆవిడ గురించి.

వలస అనగానే మనకి పల్లె నుంచి పట్నానికి పోయేవాళ్లే గుర్తొస్తారు. మన్యం నుంచి కూడా అలా పోతున్నవాళ్లున్నారు. విశాఖలో ఇళ్లలో పనికి కుదిరిన అమ్మాయిలు, మేడల పనికి వెళ్లిన జంటలు మనకి కొత్త కాదు. కానీ అరకు లోయని పట్టణంగా మార్చింది వెళ్లినవాళ్లు కాదు, కొండెక్కి వచ్చినవాళ్లు. ఒక్కసారిగా కాదు, అలలు అలలుగా వచ్చారు. మొదట ఉప్పు, బట్ట పట్టుకుని సంతలకి వచ్చిన షావుకార్లు. అప్పుల కింద భూములు వాళ్ల చేతుల్లోకి పోతున్నాయనే బ్రిటిషు ప్రభుత్వం 1917లో ఏజెన్సీ భూముల బదిలీని అదుపు చేస్తూ చట్టం తెచ్చింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో, సైనికులకి కూరగాయలు పండించడానికి అరకులో పద్మాపురం తోట వేశారు. ఆ తర్వాత మాచ్‌ఖండ్ జల విద్యుత్ ప్రాజెక్టు. 1960లలో బైలాడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించడానికి కొత్తవలస నుంచి కిరండూల్ దాకా రైలు మార్గం. ఖనిజం కిందికి దిగింది, కూలీ మేస్త్రీలు, కంట్రాక్టర్లు, వంటవాళ్లు, కిరాణా కొట్లవాళ్లు పైకి ఎక్కారు. తర్వాత ఐటిడిఎ వచ్చింది, దానితో ఉద్యోగులు వచ్చారు. ఆపైన సినిమా వాళ్లు, పర్యాటకులు. 2017లో అద్దాల పెట్టె తగిలించిన రైలు మొదలైంది.

ఈ మధ్య వచ్చిన అల అన్నిటికన్నా పెద్దది. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి, పాడేరు జిల్లా కేంద్రమైంది. కలెక్టరు కార్యాలయం నుంచి పోలీసు కార్యాలయం దాకా, ఖజానా నుంచి విద్యాశాఖ దాకా అన్నిటికీ చోటు కావాలి, వాటిలో పనిచేసేవాళ్లకి ఇళ్లు కావాలి. 2024లో వైద్య కళాశాల మొదలైంది. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, పాడేరు, అరకు మీదుగా విజయనగరం వెళ్లే జాతీయ రహదారి 516ఇ పనులు మన్యం గుండా నడిచాయి. దారి పడే చోట పక్క భూమికి ధర పుట్టడం ఎక్కడైనా ఉన్నదే. ఇక్కడ చట్ట ప్రకారం బయటివాడికి అమ్మకానికే లేని భూమికి ధర పుట్టింది!

ఇంకొకటి కూడా చెప్పాలి. ఏజెన్సీలో ఉపాధ్యాయ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే, అందులో మూడో వంతు స్త్రీలకే అని 2000 సంవత్సరంలో వచ్చిన జీవో 3ని సుప్రీం కోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. దాని దెబ్బ గిరిజన అమ్మాయిల కొలువుల మీద ఎంత పడిందో మన పత్రికలు అంతో ఇంతో రాశాయి. ఇంటి సంగతి మాత్రం ఎవరూ రాయలేదు. ఊళ్లో పుట్టి పెరిగిన పంతులమ్మకి ఊళ్లోనే ఇల్లుంటుంది. మైదానం నుంచి వచ్చిన పంతులుగారికి అద్దె ఇల్లు కావాలి. ఒక ఉద్యోగం చేతులు మారితే ఒక గదికి గిరాకీ పుడుతుంది.

వచ్చినవాళ్లందరూ దోపిడీదారులని అనడం నా ఉద్దేశం కాదు. నర్సు రావాలి, డాక్టరు రావాలి, రాత్రిపూట వైద్యం దొరకాలంటే వాళ్లు ఇక్కడే కాపురం ఉండాలి. ఎస్.కోట వైపు నుంచి వచ్చి టీ బండి పెట్టుకున్న పేద కుటుంబాన్నీ, బినామీ పేర్లతో లాడ్జీలు కట్టిన వ్యాపారినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. గిరాకీ నిజమైనదే. దాన్ని ఎవరు, ఎవరి నేల మీద, ఎవరి పేరుతో తీరుస్తున్నారన్నదే ప్రశ్న.

చట్టం ఏం చెబుతుందో మన కార్యకర్తలకి చాలామందికి తెలుసు కనుక క్లుప్తంగా చెబుతాను. 1959 నాటి భూబదిలీ నిబంధనలని 1970లో సవరించి తెచ్చిందే 1/70. దాని ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో స్థిరాస్తిని ఎవరూ, గిరిజనుడైనా గిరిజనేతరుడైనా, గిరిజనులకో గిరిజనులు మాత్రమే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికో తప్ప బదిలీ చేయకూడదు. బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు. తనఖా, కౌలు, దానం, మార్పిడి కూడా. గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది గిరిజనుడి నుంచి వచ్చిందనే అనుకోవాలి, కాదని రుజువు చేసుకోవలసిన భారం అతనిదే. సుప్రీం కోర్టు 1988లో ఈ చట్టాన్ని సమర్థించింది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల మీద 'సమత' సంస్థ నడిపిన కేసులో 1997 జూలై 11న ఇచ్చిన తీర్పులో, ప్రభుత్వం కూడా ఒక 'వ్యక్తే', అది కూడా గిరిజనేతరులకి లీజులు ఇవ్వరాదని చెప్పింది.

ఇంత పకడ్బందీ చట్టానికి ఒక తలుపు తెరిచే ఉంది. అది కొనేవారి కులం చూస్తుంది, డబ్బు ఎవరిదో తనంతట తాను చూడదు. అమ్మేది గిరిజనుడు, కొనేది గిరిజన స్త్రీ అయినప్పుడు కాగితం శుభ్రంగా ఉంటుంది. రుజువు భారం గిరిజనేతరుడి మీద పెట్టిన ఆ గొప్ప నిబంధనకి అక్కడ పనే లేదు, ఎందుకంటే ఆ కాగితంలో గిరిజనేతరుడే లేడు.

అతను ఎక్కడున్నాడు? వంటింటి గుమ్మం దగ్గర ఉన్నాడు. కొందరు నిజంగా ఇష్టపడి, పెళ్లి చేసుకుని, పిల్లల్ని కని, ఇక్కడే మట్టిలో కలిసిపోయిన వాళ్లున్నారు. వాళ్ల మాట వేరు. మైదానంలో ఒక సంసారం ఉంచుకుని, కొండ మీద రెండో సంసారం పెట్టేవాళ్ల గురించి నేను చెబుతున్నాను. అతనికి ఆమె అవసరం, ఆమె కులధ్రువీకరణ పత్రం అవసరం. ఇవి రెండూ ఒకటే అయిపోవడంలోనే అన్యాయమంతా ఉంది. కొన్నిచోట్ల పెళ్లి మాట కూడా ఉండదు. కొట్లో పనికి పెట్టుకున్న అమ్మాయి పేరో, పాలేరు భార్య పేరో సరిపోతుంది. "నీ పేరే కదమ్మా, నీకు పోయేదేముంది?" అంటారు.

ఆమెకి పోయేది చాలానే ఉంది. పేరు ఇచ్చిన రోజునే, ఆ పేరు ఆమె ఎప్పటికీ వాడుకోకుండా కట్టుదిట్టం చేస్తారు. ఖాళీ కాగితాల మీద వేలిముద్రలు. ఆమె లక్షలు అప్పు తీసుకున్నట్టు ప్రామిసరీ నోటు. దస్తావేజు అతని బీరువాలో. లాడ్జీ అద్దె అతని ఖాతాలో. ఇక వీలునామా. చట్టంలో 'బదిలీ' అన్న మాటకి ఇచ్చిన నిర్వచనం వీలునామాని మినహాయించింది. ఇంటివాళ్లకి ఆస్తి రాసుకునే స్వేచ్ఛ ఉండాలని ఆ మినహాయింపు పెట్టి ఉండవచ్చు. కానీ బతికున్న పాతికేళ్ల స్త్రీ చేత చావు తర్వాతి కాగితం రాయించుకోవడానికి అది దారి ఇస్తుంది. ఆ కాగితం ఉందని తెలిసిన ఇంట్లో ఆమె ఎలా నిద్రపోతుందో మనం ఆలోచించాలి.

ఆస్తిపన్ను నోటీసు, కరెంటు బాకీ, కట్టుబడి కేసు మాత్రం ఆమె పేరు మీదే వస్తాయి. లాభం అతనిది, బాధ్యత ఆమెది. భర్త తాగి అప్పులు చేస్తే భార్య తీర్చే మన పాత కథకీ దీనికీ తేడా పెద్దగా లేదు.

ఇక్కడ ఒక విడ్డూరం ఉంది. పరాయి మగవాడికి ఆస్తి పెట్టుకోవడానికి పనికొచ్చిన ఈ స్త్రీ పేరు, ఆమె సొంత తండ్రి భూమికి పనికిరాలేదు. హిందూ వారసత్వ చట్టం 1956లోని సెక్షన్ 2(2) ప్రకారం, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప ఆ చట్టం షెడ్యూల్డు తెగలకి వర్తించదు. ఆచారమే చట్టం. మన్యంలో తెగలు అనేకం, బగత, కొండదొర, వాల్మీకి, కోటియా, పోర్జ, గదబ, కోందు, ఒక్కొక్కరి పద్ధతి ఒక్కోలా ఉండవచ్చు. కానీ మొత్తం మీద భూమి కొడుకుల వరసలోనే పోతుంది. ముఠాదారీ పద్ధతి రద్దయ్యాక రైత్వారీ పట్టాలు ఇచ్చినప్పుడు ప్రభుత్వం కూడా కుటుంబ యజమాని అంటూ మగవాడి పేరే రాసుకుంది. కాఫీ పళ్లు ఏరేది ఆమె, పసుపు తవ్వేది ఆమె, సంతకి మోసేది ఆమె. పట్టా ఆయనది. ఇటువంటి ఆడపిల్ల దగ్గరికి ఒకడు వచ్చి "నీ పేరు మీద ఇల్లు కడతాను" అంటే, ఆ మాట ఆమెకి వల అనిపించదు. జీవితంలో మొదటిసారి ఎవరో తనని ఆస్తికి తగిన మనిషిగా చూశారనిపిస్తుంది.

అందుకే ఈ సమస్యని భూమి అన్యాక్రాంతం అన్న పేరు కింద గిరిజన సంఘాలకి, స్త్రీల ఆస్తి హక్కు అన్న పేరు కింద మహిళా సంఘాలకి విడివిడిగా పంచి పెట్టడం కుదరదు. కూతురికి పుట్టింటి భూమిలో వాటా ఉన్న ఊళ్లో బినామీ బేరం ఆడటం కష్టం. వాటా ఉన్న స్త్రీకి పోగొట్టుకునేది ఉంటుంది, అడిగే గొంతూ ఉంటుంది. సుప్రీం కోర్టు 2022 డిసెంబరులో, గిరిజన స్త్రీలకి వారసత్వ హక్కు లేకపోవడాన్ని సరిదిద్దే సంగతి చూడమని కేంద్రానికి చెప్పింది. 2025 జూలైలో ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం కేసులో, స్త్రీకి వాటా లేదనే ఆచారం ఉందని రుజువు కానప్పుడు ఆమె వారసులకి సమాన వాటా ఇవ్వాలని తీర్పు ఇచ్చింది. మన దగ్గర గ్రామసభలు కోర్టు కోసం ఎదురు చూడనక్కర్లేదు. ఆచారాన్ని కాపాడే అధికారం 1996 నాటి పెసా చట్టం గ్రామసభకి ఇచ్చింది, ఆచారాన్ని మార్చుకునే హక్కు ఎప్పుడూ ఆ ప్రజలదే. అటవీ హక్కుల చట్టం 2006 ప్రకారం పట్టా భార్యాభర్తలిద్దరి పేరా ఉమ్మడిగా ఇవ్వాలి. ఆ పట్టాల్లో ఆమె పేరు ఉందో లేదో, ఉన్నా భర్త పేరు వెనక 'భార్య' అన్న మాటగా మిగిలిందో మనం వెళ్లి చూడాలి.

ఇప్పుడు మనలో మనం తేల్చుకోవలసిన ఒక చిక్కు. గిరిజన యువకుల సభల్లో ఒక డిమాండు వినిపిస్తూ ఉంటుంది. గిరిజనేతరుడిని చేసుకున్న స్త్రీకి ఎస్.టి. హోదా తీసేయాలి, ఆమె భూమి కొనకుండా నిషేధించాలి అని. కోపం అర్థం చేసుకోదగిందే. రాంచీ వైపు కూడా ఇదే గొడవ. 1908 నాటి ఛోటానాగ్‌పూర్ కౌలుదారీ చట్టం ఉన్నచోట కూడా పెళ్లి పేరుతో భూములు పోతున్నాయని ఇదే మాట అక్కడా అంటున్నారు. అయినా ఈ డిమాండుని నేను ఒప్పుకోను. పుట్టుకతో వచ్చిన హోదా పెళ్లితో పోదని 1975లోనే కేంద్ర హోం శాఖ రాష్ట్రాలకి రాసింది. గిరిజన పురుషుడు బయటి స్త్రీని చేసుకుంటే అతని భూమి గురించి ఎవరూ అడగరు. స్త్రీని మాత్రం తెగ సరిహద్దు దాటిన పశువులా చూడటం, ఆమెని కాపలా కాయవలసిన భూమిగా మార్చడం పితృస్వామ్యమే, అది కొండ మీద ఉన్నా సరే. పైగా హోదా పోయిన మరుక్షణం ఆమె మరింత పూర్తిగా అతని దయ మీద పడిపోతుంది.

అలాగని బినామీ మేడని వదిలేయమనా? కాదు. విచారణలో ఆమె కులం మీద కాక, డబ్బు మీద ప్రశ్న వేయాలి. కొన్న డబ్బు ఎవరిది, అద్దె ఎవరు తీసుకుంటున్నారు, కాగితాలు ఎవరి దగ్గర ఉన్నాయి. ప్రత్యేక డిప్యూటీ కలెక్టర్ల ముందు నడిచే భూబదిలీ కేసుల్లో ఈ ప్రశ్నలు వేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు. బదిలీ చెల్లదని తేలితే భూమి తిరిగి అమ్మిన గిరిజనుడికో వారసులకో పోవాలి. మరి పదేళ్లు ఆ ఇంట్లో కాపురం చేసిన ఆమె, పిల్లలు? వాళ్లని రోడ్డు మీదికి నెట్టి చట్టం గెలిచిందనుకుంటే ఆ గెలుపు మనది కాదు. 2005 నాటి గృహహింస చట్టం పెళ్లి లాంటి సహజీవనాన్ని కూడా గుర్తించి, ఉమ్మడి నివాసంలో ఉండే హక్కు, భరణం కోరే హక్కు స్త్రీకి ఇచ్చింది. అతని మైదానపు ఆస్తి మీద ఆమె, పిల్లల పోషణ భారం పెట్టమని మన న్యాయవాదులు అడగాలి. పిల్లల హోదా సంగతి కూడా తండ్రిని బట్టి గుడ్డిగా తేల్చకూడదని, వాళ్లు ఎలా పెరిగారో చూడాలని సుప్రీం కోర్టు 2012లో గుజరాత్ కేసులో చెప్పింది.

పట్టణం పెరుగుదలని అదుపు చేసే సంస్థ ఏదీ లేకపోవడం కూడా ఈ వ్యాపారానికి కలిసివస్తోంది. రాజ్యాంగంలోని మునిసిపాలిటీల భాగం షెడ్యూల్డు ప్రాంతాలకి దానంతట అది వర్తించదు. పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేయాలి. అందుకోసం 2001లో రాజ్యసభలో పెట్టిన బిల్లు చట్టం కాలేదు. భద్రాచలం అంత ఊరు కూడా పంచాయతీగానే నడిచిన కారణం ఇదే. పంచాయతీగా ఉంటే సర్పంచి పదవి గిరిజనులదే, గ్రామసభకి పెసా అధికారం ఉంటుంది. కనుక మునిసిపాలిటీ చేయమని నేను అడగను. వలస వచ్చినవాళ్లు మెజారిటీ అయితే ఏమవుతుందో త్రిపుర చూపించింది. అక్కడ తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన వలసలతో 1981 నాటికే ఆదివాసులు మూడో వంతు కన్నా తక్కువైపోయారు. కానీ పంచాయతీ పేరు చెప్పి మురుగు కాలవలు, తాగునీళ్లు, ఇంటి ప్లాను గురించి ఎవరూ పట్టించుకోకపోతే, ఎక్కువ గదులు కట్టగలిగిన వాడిదే ఊరు అవుతుంది. లాడ్జీ నీళ్ల ట్యాంకు నిండుతుంది, కింది పేటలో స్త్రీలు ఊట దగ్గర బిందెలతో నిలబడతారు.

ఇళ్ల గిరాకీని తీర్చే మార్గం చట్టంలోనే ఉంది. గిరిజనులు మాత్రమే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి భూమి బదిలీ చేయవచ్చు. అంటే గిరిజన స్త్రీల సహకార సంఘం లాడ్జీ కట్టుకోవచ్చు, సొంతంగా నడుపుకోవచ్చు. కాఫీ గింజని పారిస్ దాకా పంపిన లోయ ఇది, అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పది గదుల వసతి గృహం నడపడం వీళ్లకి చేతకాదని ఎవరన్నారు? అడ్డం పెట్టుబడి. అమ్ముకోవడానికి వీల్లేని భూమి మీద బ్యాంకులు అప్పివ్వడానికి వెనకాడతాయి, ఆ ఖాళీలోకే షావుకారి డబ్బు వస్తుంది. ఐటిడిఎ, పర్యాటక సంస్థ ప్రైవేటు పెట్టుబడుల కోసం సదస్సులు పెట్టే బదులు ఈ సంఘాలకి హామీ ఉండాలి. ఇక ఉద్యోగుల ఇళ్లు. జిల్లా కేంద్రం పెట్టిన ప్రభుత్వమే క్వార్టర్లు కట్టాలి. ఆస్పత్రి సిబ్బందికి, టీచర్లకి, ముఖ్యంగా ఒంటరిగా వచ్చే స్త్రీ ఉద్యోగులకి. అవి కట్టకుండా ప్రతి బదిలీ ఉత్తర్వుతో ఒక కొత్త కిరాయిదారుని బినామీ మేడకి పంపిస్తున్నది ప్రభుత్వమే.

చివరగా మన సొంత పని గురించి. మనం చేసే సర్వేల్లో 'ఇల్లు ఎవరి పేరు మీద ఉంది' అన్న గడి ఒకటి ఉంటుంది. అక్కడ స్త్రీ పేరు కనిపించగానే టిక్కు పెట్టి సాధికారత కింద లెక్క కడతాం. నిధులిచ్చేవారికి పంపే నివేదికలో ఆ శాతం అందంగా ఉంటుంది. మైదానంలో ఆ లెక్కకి కొంత అర్థం ఉండవచ్చు. అరకులో, పాడేరులో, చింతపల్లిలో అదే టిక్కు ఒక బినామీ మేడని స్త్రీ హక్కుగా నమోదు చేస్తూ ఉండవచ్చు. ఆ గడి పక్కన ఇంకో నాలుగు ప్రశ్నలు చేర్చాలి. దస్తావేజు ఎక్కడుంది, అద్దె ఎవరి చేతికి వస్తుంది, ఖాళీ కాగితాల మీద సంతకం పెట్టారా, పుట్టింటి భూమిలో ఎంత వచ్చింది. అడిగేవాళ్లు స్త్రీలై ఉండాలి, అతను ఇంట్లో లేని వేళ అడగాలి, ఆమె భాషలో, అది ఆదివాసీ ఒరియా అయితే ఒరియాలోనే అడగాలి. చెప్పిన జవాబుల్ని ఆమెకి చెప్పకుండా ఏ కార్యాలయానికీ ఇవ్వకూడదు. కాఫీ పళ్లు ఏరే నెలల్లో ఎవరూ ఇళ్ల దగ్గర దొరకరు కనుక ఆ పని వేసవిలో, సంత లేని రోజుల్లో పెట్టుకోవాలి.